ప్లాట్ల వాళ్ల ఫోన్లు

జూన్ 9, సోమవారం
పొద్దున్నే మొదలు. హైవే పక్కన వెంచర్, మేడమ్... డీఎన్‌డీ పెట్టించి ఏడాది దాటింది. వద్దన్నవాళ్లకు ప్రకటనల ఫోన్లు చేయకూడదని చట్టం. ఎవడికి పట్టింది? యాప్‌లో ఫిర్యాదు పెట్టాను. ఫోన్ ఆపేద్దామంటే కుదరదు — నాన్న కంటి ఆపరేషన్ తేదీ ఆసుపత్రి వాళ్లు ఫోన్‌లోనే చెప్తారు.

జూన్ 10
మళ్లీ. వేరే నంబర్.

జూన్ 11
దిల్‌సుఖ్‌నగర్‌లో, పాఠం చెప్తుంటే మధ్యలో మళ్లీ ఫోన్. పిల్లలందరి ముందూ బయటికి పరుగు. "మేడమ్, డేట్ గురించి..." అంటోంది ఎవరో. మీ డేటూ వద్దు, మీ ప్లాటూ వద్దు అని అరిచి బ్లాక్ చేశాను. హాయిగా ఉంది.

జూన్ 12
నిన్నటిది ఆసుపత్రి ఫోన్. ఇవాళ అక్కడికి వెళ్తే తెలిసింది.
మళ్లీ చేశారట. కలవలేదట. తేదీ ఇంకొకరికి ఇచ్చేశారు. కౌంటర్ దగ్గర ఎంత బతిమాలినా మళ్లీ వరుస చివరికే. నాన్నకు ఒక కన్ను ఎప్పుడో పోయింది. ఉన్న ఒక్కటీ మసక... ఆ ప్లాట్ల వాళ్లను నడిరోడ్డు మీద నిలబెట్టి తిట్టాలని ఉంది.

జూన్ 13
ఫిర్యాదు మూసేశారు. ఈ నంబర్‌కు సమ్మతి ఉందట. ఎవరిచ్చారు? ప్లాట్ల కంపెనీకి ఫోన్ చేసి కడిగేశాను. అవతలి అమ్మాయి నెమ్మదిగా — "మీ నాయిన ఇచ్చిండు మేడమ్, మీ నంబరే రాసి. ఐతారం ఐతారం మా బస్సుల ఒస్తడు గద."
ఆదివారాలు ఎల్‌బీ నగర్‌లో ఎక్కించుకుని, ప్లాట్లు చూపించి, బిర్యానీ పెట్టి దింపేసే ఫ్రీ బస్సు. నాకేమో గుడికని చెప్తాడు. కళ్లు కనబడని మనిషి ప్లాట్లు చూస్తాడు!
ఇంట్లో బిర్యానీకి కరువా అని అడిగాను. గట్టిగానే. ఆపరేషన్ తేదీ ఎలా పోయిందో కూడా చెప్పేశాను.
"ఆడ నన్ను, మీరేమంటరు సార్ అని అడుగుతరు బిడ్డా. ఈడ ఎవరడుగుతరు?"
ఇంకా కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు.

జూన్ 14, శనివారం
సమ్మతి వెనక్కి తీసుకోవచ్చు. అయితే నాన్న పేరు తీసేస్తారట, బస్సులో సీటు ఉండదట — ఆ అమ్మాయే చెప్పింది. ఇదేం చట్టం, ఇదేం న్యాయం!
ఆసుపత్రి ఫోన్ ఇంకోసారి పోతే?
సమ్మతి రద్దు నొక్కేశాను.
ముందు గదిలో నాన్న, రేపటికి ఇస్త్రీ చొక్కా వెతుక్కుంటున్నాడు, చేత్తో తడిమి తడిమి. తీసిచ్చాను. సీటు సంగతి చెప్పలేదు.