తుపాకీకి తగిన టీవీ

ఆదివారం రాత్రి

మా ఆవిడ అన్నయ్య నూకరాజు బావ మునగపాక నుంచి పాత వీడియో గేమ్ పట్టుకొచ్చాడు. నా పెళ్లైన కొత్తలో మేమిద్దరం దాని తుపాకీతో తెర మీద పిట్టల్ని కొట్టేవాళ్లం. ఇవాళ మా కొత్త టీవీకి తగిలించి ఎంత కాల్చినా ఒక్క పిట్టా పడలేదు. ఆ తుపాకీకి పాత ట్యూబ్ టీవీయే కావాలట.

గేమ్ సంచిలో పెట్టుకుని సెకండ్ హ్యాండ్ షాపుకి వెళ్లాం. మెరిసిపోతున్న సెట్టొకటి చూసి నేను బేరం మొదలుపెట్టబోయాను. బావ దాని వెనక చెయ్యి పెట్టి చూశాడు.

"వేడిగా ఉంది బావా. పొద్దుట్నుంచీ ఆన్‌లోనే ఉంచేడు. ఆపించి సల్లారేక సూద్దాం, రా, టీ తాగొద్దాం."

తిరిగొచ్చి వేస్తే బొమ్మ రావడానికే ఆపసోపాలు పడింది. వచ్చాక కూడా మసకే. మూలన దుమ్ము పట్టిన చిన్న టీవీ మాత్రం చప్పున వెలిగింది. చవక కూడా. అక్కడే గేమ్ తగిలించి కాల్చాం, పిట్ట పడింది! "నాకోసారియ్యండి," అన్నాడు షాపతను.

ఇంటికి తెస్తే, "ఇంత డబ్బా ఎక్కడెడతారు?" అని మా ఆవిడ విసుక్కుంది. ఆ తర్వాత సాయంత్రందాకా తుపాకీ ఎవరికీ ఇవ్వలేదు.

అత్తగారు పోయాక బావ మా ఇంటికి రావడమే మానేశాడు. ఇవాళ ఎంత నవ్వాడో! మళ్లీ ఎప్పుడొస్తాడో అనుకుంటూనే బస్సెక్కించి వచ్చాను. చూస్తే గేమ్ ఇక్కడే ఉంది, తుపాకీ లేదు. ఫోన్ చేశాను.

"మర్సిపోయి కాదు బావా, కావాలనే తెచ్చీసేను. వచ్చే ఆదివారం నేనే పట్టుకొత్తాను," అన్నాడు.