బాణం గుర్తు కనబడాలని బెంచీ ఎత్తుకుపోయిన విషయం

పట్టణ వసతుల అధికారి గారి సముఖమునకు,

విషయం: మార్కెట్ మలుపులో గోడవార ఉండిన చెక్క బెంచీని తిరిగి యథాస్థానమున, లేదా యథాస్థానమునకు కాస్త పక్కన, వేయించుట గురించి.

అయ్యా,

కర్టెన్లు, దిండు గలీబులు కుట్టి జీవించుచున్న నేను తమకు సవినయంగా మనవి చేసుకొనునది ఏమనగా:

1. మా వారు బస్సు కండక్టరుగా పనిచేసి విరమించినవారు. ఉద్యోగం చేసినంత కాలమూ ఊరందరికీ సీట్లు చూపించి తాము మాత్రం నిలబడే ఉన్నారు. ప్రస్తుతం వారి ఊపిరితిత్తులు బలహీనపడినవి. ప్రతిదినమూ నడవవలెననియు, ఆయాసం వచ్చిన చోట తప్పక కూర్చొనవలెననియు డాక్టరమ్మ గారు చీటీ మీద వ్రాసి ఇచ్చియున్నారు. నడుచుటకు రోడ్డు ఉన్నది. కూర్చొనుట ఎక్కడ అనునది ఆ చీటీలో లేదు.

2. చాలాకాలం వారు గుమ్మం దాటలేదు. దారిలో ఆయాసం వస్తే పదిమంది చుట్టూ మూగుతారని భయం. మంచం మీద గోడవైపు తిరిగి పడుకొనేవారు. అందుచేత నేనే ఫోను పట్టుకొని బయలుదేరి, ఊరిలో కనబడిన ప్రతి బెంచీనీ ఫొటో తీసితిని. మందుల షాపు ముందరి ఇనుప బెంచీ, బ్యాంకు వరండాలో ఒక కాలు పొట్టిదైన బెంచీ, గ్రంథాలయం పక్కన సిమెంటు బెంచీ, ఇట్లు అనేకం. వీపుకు ఆనుడు ఉన్నదా, ఎండ ఏ వేళ తగులుతుంది, కుక్క ఏదైనా కిందే కాపురముంటున్నదా అనే వివరములు కూడా కింద వ్రాసి వంటగది గోడకు అతికించితిని. ఒక ఉదయం మా వారు వచ్చి ఆ గోడ ముందు నిలబడి, "మొదటి స్టేజీ మందుల షాపు. రెండోది మార్కెట్ మలుపు. ఆఖరి స్టేజీ లైబ్రరీ. రూటు బాగానే ఉందే!" అన్నారు. ఆ రోజు చెప్పులు వేసుకున్నారు. ఆనాటినుంచి రోజూ గ్రంథాలయంలో పేపరు చదివి వచ్చి, లోకంలో జరిగే ప్రతి సంగతి మీదా నాతో వాదనకు దిగేవారు. కూర మాడిపోయేదాకా వాదించేవాళ్ళం. ఇంట్లో మళ్ళీ మగమనిషి గొంతు వినబడిందయ్యా.

3. ఇచట నా తమ్ముని గురించి మనవి చేయక తప్పదు. అతడు లిఫ్టు మెకానిక్. పనిలో పైకీ కిందికీ తిరిగి తిరిగి, ఎత్తుల పిచ్చి పట్టినది. సర్వే వాళ్ళు పాతకాలంలో ఊరంతా రాళ్ళ మీద చెక్కి పోయిన గుర్తులను ఫొటోలు తీయుట అతని వ్యసనం. ఒక అడ్డగీత, దాని కింద పైకి చూసే బాణం. ఈ చోటు సముద్రమట్టానికి ఎంత ఎత్తో కొలవడానికి అది ఆధారమట. పోస్టాఫీసు మెట్టు, కల్వర్టు పిట్టగోడ, క్షౌరశాల అరుగు, ఎక్కడపడితే అక్కడ ఉంటాయవి. ఫొటో కోసం అతడు నేల మీద బోర్లా పడుకోగా, కళ్ళు తిరిగి పడ్డాడనుకొని జనం మొహాన నీళ్ళు చల్లిన సందర్భములు కలవు.

"దీన్ని బెంచ్‌మార్క్ అంటారక్కా. నీ బెంచీలకీ నా మార్కులకీ చుట్టరికం ఉంది చూశావా?" అని ఒకనాడు గొప్పగా చెప్పినాడు.

"బళ్ళో రాని మార్కులన్నీ ఇప్పుడు ఏరుకుంటున్నావేంట్రా?" అంటిని.

4. చుట్టరికం నిజమే అయినది. మార్కెట్ మలుపులో అట్టి గుర్తు ఒకటి సరిగ్గా మా వారి రెండో స్టేజీ బెంచీ వెనుకనే బయటపడినది. తమ్ముడు ఫొటో కోసం బెంచీ కిందికి దూరెను. పైన ఎవరో టీచరమ్మ కూర్చొనియున్న సంగతి చూచుకొనలేదు. ఆమె కేకకు కూరగాయల వాళ్ళందరూ లేచిరి. నాలుగు దెబ్బలు తప్పించుకొని ఇంటికి వచ్చి, ఆ కోపంలో "విలువైన సర్వే గుర్తుకు అడ్డు తొలగించ ప్రార్థన" అని తమకు అర్జీ పెట్టెను. మాకెవరికీ చెప్పలేదు. మా వీధి దీపం కోసం ఎన్ని అర్జీలు పెట్టినా కదలని తమ కార్యాలయం, ఈ ఒక్కదానికి మాత్రం మర్నాడే వ్యాను పంపినది. తమ కార్యాలయంలో పనులు జరగవని అనేవారి నోళ్ళు ఆనాటితో మూతపడినవి.

5. సంగతి తెలియని మా వారు ఆ ఉదయం మలుపు దాకా నడిచినారు. అక్కడ బెంచీ లేదు. గోడ పట్టుకొని నిలబడినారు. తర్వాత నాతో ఇట్లనిరి: "కళ్ళ ముందు బాణం ఒక్కటే కనబడిందే. మొన పైకుంది. సరే, పిలుపొచ్చింది కాబోలనుకున్నా."

ఈ మాటకు నేను నవ్వితిని. పిమ్మట పెరట్లోకి పోయి ఏడ్చితిని. ఇది అర్జీలో వ్రాయదగినది కాదు. అయినను వ్రాసితిని.

6. ఎదుటి సోఫాల కొట్టు యజమాని పరుగున వచ్చి, మా వారిని లోపలికి నడిపించి కొత్త సోఫాలో కూర్చోబెట్టినాడు. అది మొదలు అదే రెండో స్టేజీ అయినది. అయితే కొట్టుకు వచ్చినవారు "కూర్చోడానికి ఎలా ఉందండీ?" అని మా వారినే అడుగసాగిరి. మా వారికి అబద్ధం చేతకాదు.

"కూర్చోడానికి దివ్యంగా ఉందమ్మా. లేవడానికే ఇద్దరు మనుషులు కావాలి," అనేవారు.

ఒక కొత్త జంట బేరం వదులుకొని పోయిరి. యజమాని మంచివాడు, పొమ్మనలేక మా ఇంటికి వచ్చి తల గోక్కుంటూ, "వదినగారూ, అన్నయ్య గారికి నేనే ఒక కుర్చీ పంపిస్తాను. ఇంట్లో వేసుకోండి. ఎంతసేపైనా కూర్చోమనండి," అన్నాడు. మా వారు లోపలినుంచి విన్నారు.

7. తమ్ముడు సిగ్గుపడి, మడత స్టూలు చంకన పెట్టుకొని మా వారి వెనకాలే నడిచినాడు. నాలుగడుగులకొకసారి "బావా, కూర్చో" అనడం. వీధిలో పిల్లలు నవ్వడం.

"నన్నేమన్నా ఊరేగిస్తున్నావుట్రా? నా నడక నన్ను నడవనీ!" అని మా వారు కసిరి వెనక్కి వచ్చేసినారు. మళ్ళీ గోడవైపు తిరిగి పడుకున్నారు. నేను కావాలని పేపర్లో సంగతి తప్పు చెప్పినా "సరే" అంటున్నారు. అయ్యా, పెళ్ళయిన నాటినుంచి ఆ మనిషి నా మాటకు సరే అన్నది లేదు. నాకు భయంగా ఉంది.

8. కావున కోరునది స్వల్పము. బెంచీని గుర్తుకు ఒక బారెడు పక్కగా వేయించినచో గుర్తూ కనబడును, మనిషీ కూర్చొనును. ఇందుకు తన అభ్యంతరం లేదని తమ్ముడును, తన సంపూర్ణ మద్దతు కలదని సోఫాల కొట్టు యజమానియు దిగువ సంతకములు చేసియున్నారు. యజమాని సంతకం మిగతావాటికంటె పెద్దదిగా ఉండుట గమనించగలరు.

పై సంగతులన్నియు చిత్తగించి, నిలబడలేని ఒక మనిషిని కూర్చోబెట్టవలెనని వేడుకొనుచు,

తమ విధేయురాలు,
కర్టెన్లు కుట్టే ఆవిడ

తా.క.: అర్జీ ఇద్దామని వస్తే మీ బంట్రోతు "సారు మీటింగులో ఉన్నారు, ఆ బెంచీ మీద కూర్చోండమ్మా" అన్నాడు. కూర్చున్నాక చూశాను. మా బెంచీనే! ఫోనులో ఉన్న పాత ఫొటో పక్కన పెట్టి చూశాను. అదే పగులు, బెంచీ చేతి మీద ఎవరో గీసిన అదే మీసాల బొమ్మ. బంట్రోతు కూడా వంగి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి పోయాడు.

మా ఆయనకి ఫోన్ చేశాను. "బెంచీ దొరికిందండీ. ఆఫీసరు గారి గుమ్మం ముందుంది."

ఫోనులో మంచం కిర్రుమన్న చప్పుడు వినిపించింది. తర్వాత, "అక్కడే ఉండు. ఎవర్నీ కూర్చోనివ్వకు. వస్తున్నా," అన్నారు.

తమ్ముడు స్కూటరెక్కమన్నా ఎక్కలేదట. ఆగి ఆగి, మీ ప్రహరీ పట్టుకుని, నడిచే వచ్చారు. ఇప్పుడు నా పక్కనే కూర్చుని మీ నోటీసు బోర్డులో అచ్చుతప్పులు చదువుతున్నారు, వీధంతటికీ వినబడేట్టు. మేం లేవట్లేదు. లోపలికి పిలిపించకండి, మీరే బయటికి రండి. కాస్త సర్దుకుంటే మూడో మనిషికి చోటుంది.