కాలువ గట్టున ముగ్గురు మేనత్తలు

శాన్ లూయిస్,
ఏప్రిల్ 14.

నా తల్లి డెల్ఫీనాకు,

అమ్మ ముద్దులు. మీ నాన్న, ఆయన మోకాలు, మేకలు, పొయ్యి దగ్గర పిల్లి, అందరూ క్షేమం. నువ్వు డెన్వర్‌లో వేళకు తింటున్నావని నమ్ముతున్నాను.

కొండ మీద మంచు కరుగుతోంది. నిన్న ఊరంతా కలిసి కాలువ పూడిక తీశాం. మొదటి నీళ్లు వచ్చేటప్పుడు చప్పుడు కంటే ముందు వాసన వస్తుంది, తడిసిన ఎండుటాకుల వాసన. పారకు ఆనుకుని చూస్తూ ఉంటే, చిన్న వయసులోనే పోయిన మా మేనత్తలు ముగ్గురూ తడి పావడాలతో ఆ నీళ్లకు ముందు నడిచి వస్తున్నట్టు కనిపించింది. ముగ్గురూ ఇప్పుడు నాకంటే చిన్నవాళ్లు.

రెండు నెలలుగా పత్రికలో నా వ్యాసం ఎందుకు లేదని అడిగావు. బంగాళదుంప పొలాల మీద విమానాలతో చల్లే మందే మా అత్తలను చంపిందని ఇరవై ఏళ్లు రాశాను. కాదన్నవాళ్లను మందు కంపెనీల తొత్తులన్నాను. నిన్న గట్టు మీద కాసిమీరో బాబాయిని మళ్లీ అడిగాను, తన అక్కలు ఎలా పోయారని.

"ఎన్నిసార్లు చెప్పాలే నీకు? ఎలోయీసాని ఆవు గుండెల మీద తన్నింది. ట్రినిదాద్ చన్నీళ్లలో దిగి చలి పట్టించుకుంది. ఓడీలాది కొడుకు పోయిన దిగులు."

"ముగ్గురికీ గడ్డ రొమ్ములోనే లేచింది బాబాయ్. ఆవుకీ, చలికీ, దిగులుకీ ఒకటే చోటు దొరికిందా?"

"నీ విమానానికి దొరకలా?" అని పార దులిపాడు. "మాకు ఆవు, నీకు విమానం. నీ ఆవుకి రెక్కలున్నాయి, అంతే."

అందరూ నవ్వారు. నేను మాత్రం నవ్వలేకపోయాను, ఎందుకంటే నాదీ ఒక ఆవు కథేనన్న ఆయన మాట నిజమని నాకు ఫిబ్రవరి నుంచీ తెలుసు.

ఆసుపత్రిలో ఎప్పుడడిగినా 'మీ అమ్మ వైపు ఎవరికైనా ఉందా' అనేవారు. మా అమ్మ తొంభై ఏళ్లు బతికింది, లేదనేదాన్ని. జనవరిలో కొత్త నర్సు మా నాన్న వైపు సంగతి అడిగింది. ఆ ఒక్క ప్రశ్న ఇన్నేళ్లూ ఇంకెవరి నోటా ఎందుకు రాలేదు? రొమ్ము జబ్బును తెచ్చే లోపం నా రక్తంలో ఉందని ఫిబ్రవరిలో పరీక్షలో తేలింది. మా అత్తలను బట్టి చూస్తే అది మా నాన్న నుంచే వచ్చింది. ఆ కాగితం సొరుగులో పడేశాను. రక్తానిదే తప్పని ఒప్పుకుంటే కంపెనీలు గెలిచినట్టేనని నా పంతం. ఆ మందును నేనిప్పటికీ వదిలిపెట్టను. కానీ నా వాదన గెలవాలని నీ దగ్గర నిజం దాచాను.

ఆ లోపం నీకూ వచ్చి ఉండటానికి సగానికి సగం అవకాశం ఉంది. నీకు ఇరవై ఎనిమిది. ఎలోయీసా అత్తకు గడ్డ కనిపించింది ముప్పై ఒకటిలో.

లోపం ఉందని తేలినంత మాత్రాన జబ్బు వచ్చినట్టు కాదు. ఏటా స్కానింగ్ చేయించుకుంటే గడ్డను మొదట్లోనే పట్టుకోవచ్చు. నా స్కానింగులో ఏమీ లేదు. జూన్‌లో అండాశయాలు తీయించుకుంటున్నాను, అక్కడికీ ముప్పు ఉందట. మా అత్తలకు ఇలాంటి దారి ఒక్కటీ లేదు.

ఫోన్‌లో చెప్పొచ్చు. కానీ ఫోన్‌లో నేను వాదనకు దిగుతాను, నీకు తెలుసు. ఇది చదవగానే వెళ్లి పరీక్షకు రక్తం ఇవ్వు. తర్వాత ఫోన్ చేసి నన్ను తిట్టు. ఎంతసేపు తిట్టినా ఎదురు చెప్పను.

ఇట్లు,
నీ అమ్మ,
బెనిగ్నా.