సీసం మీద అమ్మ పాదాలు

2019 మార్చి 4, సోమవారం
చర్చి గోపురం మళ్ళీ కారుతోంది. పైకప్పు మీది పాత సీసం తీసి, కరిగించి, కొత్త రేకులు పోస్తారట. చర్చి కట్టడం బాగోగులు చూసే వార్డెన్‌ని కదా, అనుమతి పత్రం మీద సంతకం నాదే. ‘కాపాడాల్సిన పాతవి ఏమైనా ఉన్నాయా’ అన్నచోట ‘లేవు’ అని రాశాను. ఎనభై నాలుగు మెట్లు ఎవరెక్కి చూస్తారు? టీ తాగుతూ రాసిపడేశాను.

మార్చి 12
రేకుల పనికొచ్చిన గిడియన్ మధ్యాహ్నం దిగొచ్చి, ఏం వార్డెనమ్మా, పైన జోళ్ళ దుకాణం పెట్టారేంటి అన్నాడు. సీసం నిండా బూట్ల గీతలట. పూర్వం చర్చి గంటలు మోగించేవాళ్ళు పైకెక్కి, కాలు ఆనించి చుట్టూ గీసి, పేరు చెక్కేవారట. డోర్కస్ అనే ఆవిడది మాత్రం ఎడమకాలు కురచగా వచ్చింది, చెయ్యి వణికిందేమో అని నవ్వాడు.
నాకు నవ్వు రాలేదు.

అదే రోజు, సాయంత్రం 6
డోర్కస్ మా అమ్మ. పోయి ఇరవై ఏళ్ళు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు కురచైంది. గంటలు నేర్చుకుంటానంటే, ముందు మెట్లన్నీ ఎక్కి చూపించు, తర్వాత తాడు పట్టుకుందువుగాని అన్నాడట అప్పట్లో గంటలు మోగించే జట్టుకి పెద్ద హార్బర్ట్. అమ్మ అంతవరకే చెప్పి ఊరుకునేది. ఆ కాలుతో ఏం ఎక్కుతుందిలే అనుకుని నేనూ అడగలేదు. కన్నకూతుర్ని, సిగ్గులేదు నాకు.
గురువారం సీసం కొలిమికి పోతుంది. పంపేది నా సంతకమే.

మార్చి 13
మా చర్చి పాస్టరు, వికార్ రోసలిండ్ దగ్గరికెళ్ళి తప్పు ఒప్పుకున్నాను. తిట్టలేదు. పై అధికారులతో నేను మాట్లాడతాగానీ, నువ్వు ముందు ముక్కు తుడుచుకో అంది. సాయంత్రానికి అనుమతి మార్పించింది. పేర్లున్న రేకులన్నీ కోసి భద్రంగా దించుతానన్నాడు గిడియన్. ఇద్దరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియక నిమ్మ కేకు చేశాను.

మార్చి 14
దించకముందే చూడాలని ఎక్కాను. తుంటికి ఆపరేషనై ఏడాది. పదకొండుసార్లు ఆగాను. పడితే నా మీదే పడండి, కేకు బాగుంది అంటూ వెనకే వచ్చాడు గిడియన్.
అమ్మ పేరు, కింద 1943. రెండో ప్రపంచ యుద్ధంలో ఆపించిన చర్చి గంటలు మళ్ళీ మోగిన ఏడాది. కుడిపాదం మామూలుగా, ఎడమది కురచగా. చెయ్యి వణకలేదు, గీత తిన్నగా ఉంది. పక్కన వేరే చేతిరాత: ‘ఎక్కింది. నేను చూశాను. హార్బర్ట్.’
అక్కడే కూర్చుని ఏడ్చాను. ఎంత సంతోషమో.

ఏప్రిల్ 9
కొత్త సీసం మీద కాలు ఆనించాను. గిడియన్ చుట్టూ గీశాడు. పక్కన, చూశానని తన పేరు కూడా రాశాడు.