ఉమ పంపని ఎత్తు

అనంతపురం,
6 జూన్ 2005

ప్రియమైన రామదాసూ,

ఉమ చివరి రోజు ఎట్లా గడిచిందని అప్పుడు అడిగినావు. చెప్పలేకపోయినాను. ఇప్పుడు రాస్తాను.

పొద్దున అర గ్లాసు రాగిజావ తాగింది. స్టూలు మీద బోర్డు పెట్టమంది. నీతో ఆట. చాలాసేపు చూసింది. "మంత్రితో ఆయన రాజు పక్క బంటును కొట్టు" అంది.

"మంత్రి పోతుంది కదా" అన్నాను.

"పోనీ. రామదాసన్నకు చెప్పు, ఊరికే పెట్టింది నేను తిననని."

మందు మత్తు అనుకున్నాను. అయినా ఎత్తు పంపడానికి ఎప్పటిలాగే సైకిలెక్కినాను. నెట్ సెంటర్లో కరెంటు లేదు. వచ్చిందాకా కూర్చున్నాను. వెబ్‌సైట్ తెరిచి చూస్తే, ఆమె ఎత్తు కోసం ఆగకుండానే నువ్వు ఆట వదిలేసినావు. "ఓడిపోయినా ఉమా" అని నీ మాట. మా పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె నిన్ను గెలవడం అదే మొదలు. ఆ ఎత్తు పంపే పనే లేకపోయింది. ఎండలో వేగంగా తొక్కినాను. గేటు దగ్గర మా వదిన సుబ్బరత్నమ్మ నిలబడి ఉంది. ఆమె ముఖం చూసి సైకిలు దిగినాను.

గెలిచిన సంగతి ఉమకు చెప్పలేదు.

ఇప్పుడు ఇంకో విషయం. మన తపాలా చదరంగ సంఘం కార్యదర్శి బసప్ప నుంచి కాగితం వచ్చింది. ఆ ఆటలో ఉమ ఎత్తులను కంప్యూటర్‌తో పోల్చి చూసినారట. సగం ఆట తరువాత ప్రతి ఎత్తూ యంత్రం చెప్పిందేనట. నియమం నీకు తెలుసు. పుస్తకాలు చూడొచ్చు, ఇంట్లో బోర్డు మీద పావులు కదిపి చూసుకోవచ్చు, కంప్యూటర్ సాయం మాత్రం కూడదు. నెలాఖరులోగా నేను సంజాయిషీ ఇవ్వకపోతే గెలుపు రద్దు. మోసం చేసినవాళ్ల జాబితాలో ఆమె పేరు వెబ్‌సైట్లో పెడతారు.

మా ఇంట్లో కంప్యూటర్ లేదు. ఎత్తులు మోసుకుపోయి టైప్ చేసింది నేను. ఎదుటి వైపు ఆడింది నువ్వు. నీకేమైనా తేడాగా అనిపించిందా?

నీ గంగాధర

*

బళ్లారి,
11 జూన్ 2005

ప్రియమైన గంగాధరా,

నీ ఉత్తరం చదివినా. ఆ బసప్పకు ఏమొచ్చిందప్పా? పోయిన మనిషి మీదనా పంచాయితీ? చేతిలో ముద్ర ఉంటే గోడకైనా కొట్టే రకం.

నాకేమీ తేడా కనపడలేదు. ఉమ బాగా ఆడింది. నేను చెడ్డగా ఆడినా. అంతే.

నా మాట విను. వాళ్లకు జవాబు రాయొద్దు. గెలుపు తీసేస్తే తీసేయనీ. కొన్నాళ్లకు ఎవురికీ గుర్తుండదు.

సరిగ్గా తింటాండావా? ఆడ నీళ్ల ట్యాంకరు వస్తాండాదా? ఈడికొచ్చి నాలుగు దినాలు ఉండు. నేను చదరంగం నేర్పే పిల్లలకు నువ్వు లెక్కలు చెప్పొచ్చు. ఉప్మా నేనే చేస్తా. హాస్టల్లో మాదిరి మాడ్చనులే.

నీ రామదాసు

*

అనంతపురం,
16 జూన్ 2005

ప్రియమైన రామదాసూ,

జవాబు రాయొద్దన్నావు. ఎందుకన్నావో ఆలోచించినాను.

నేను పాఠాలు చెప్పిన కాలేజీ ల్యాబులో కూర్చుని ఆటంతా కంప్యూటర్‌కు చూపించినాను. ఉమ ఎత్తులు యంత్రంతో కలిసిన మాట నిజమే. కానీ వాటిలో చాలావరకు ఎవరికైనా కనపడేవే. ప్రతిసారీ నువ్వు ఒక్క తలుపు తెరిచిపెట్టినావు. లోపలికి పోవడానికి యంత్రం అక్కర్లేదు.

కష్టమైన ఎత్తు ఒక్కటే. ఏనుగును వెనక్కి, మూలకు లాగడం. దానికోసం ఉమ మూడు రోజులు బోర్డు ముందు కూర్చుంది. నేనైతే జన్మలో చూడను. నువ్వూ చూడవు.

మనం పోస్టు కార్డుల మీద ఆడే కాలంలో అడుగున రాసేవాళ్లం, నువ్వు ఇది ఆడితే నా జవాబు ఇది అని. ఒక కార్డు, ఒక వారం మిగిలేవి. వెబ్‌సైట్లోనూ ఆ ఏర్పాటు ఉంది. ఏనుగు ఎత్తు నేను టైప్ చేయగానే నీ జవాబు తెర మీదకు వచ్చింది. ముందే పెట్టి ఉంచినావు. ఆ రోజు ఇంకో తూరి ఎండలో రావడం తప్పిందని సంతోషపడినాను.

ఆమె మూడు రోజులు వెతికిన ఎత్తు, ఆమె ఆడకముందే నీకు ఎట్లా తెలిసింది? తెలిసినవాడివి, ఓడిపోయే జవాబే ఎందుకు పెట్టినావు?

ఆ ఆటలో యంత్రం ఉంది. మా ఇంట్లో కాదు.

గంగాధర

*

బళ్లారి,
22 జూన్ 2005

ప్రియమైన గంగాధరా,

ఔను. నేనే.

డాక్టరు ఇంక లాభం లేదన్నాడని నువ్వు ఫోన్ చేసినావే, ఆ సాయంత్రమే మా అల్లుని కంప్యూటర్లో ఆ ప్రోగ్రాం పెట్టించుకున్నా. అందరూ దాన్ని గెలిచే ఎత్తు అడుగుతారు. నేను ఓడిపోయేది అడిగినా. మరీ పిచ్చిగా ఓడితే ఉమ కనిపెడుతుంది. రవ్వరవ్వగా ఓడాల. దానికి యంత్రం కావాల్సి వచ్చింది. ఇన్నేళ్లు నా చేతిలో ఓడింది, ఒక్క తూరి గెలవనీ అనుకున్నా.

ఆ ఏనుగు ఎత్తు యంత్రమే చూపించింది. నీకు ఎండలో ఒక తూరి తప్పుతుందని జవాబు ముందే పెట్టినా. పాత అలవాటు. నీ కోసం చేసిన ఆ పనే నన్ను పట్టించింది.

ఇది బయటపడితే సంఘం నన్ను తీసేస్తుంది. మోసగాని దగ్గరికి పిల్లల్ని ఎవురు పంపుతారు? పొద్దున లేస్తే నాకు ఉండేది ఆ పిల్లలే కదా. పోయిన మనిషికి జాబితాలో పేరుంటే ఏమి, లేకుంటే ఏమి? గెలుస్తాండాననే సంతోషంతో పోయింది. దాన్ని చెడపొద్దు. నీ కాళ్లు పట్టుకుంటా.

రామదాసు

*

అనంతపురం,
29 జూన్ 2005

ప్రియమైన రామదాసూ,

కోపం తగ్గేదాకా రాయకూడదనుకున్నాను. పూర్తిగా తగ్గలేదు. గడువు రేపటితో అయిపోతుంది.

గెలుస్తున్న సంతోషంతో పోయిందన్నావు. నేనూ అట్లే అనుకున్నాను. ఈరోజు మధ్యాహ్నం ఆమె చివరి ఎత్తు బోర్డు మీద ఆడి చూసినాను. మత్తులో అన్న మాట అనుకుని ఇన్నాళ్లూ దాన్ని ముట్టలేదు.

మంత్రితో నీ రాజు పక్క బంటును కొట్టినాను. నీ రాజు మంత్రిని కొట్టక తప్పదు. ఆ తరువాత రెండు వైపుల బంట్లూ ఎదురెదురుగా ఇరుక్కుపోతాయి. ఎవరూ గెలవరు. సమం. ఎన్నిసార్లు ఆడినా అంతే.

చేతికందిన గెలుపును ఏ యంత్రమూ అట్లా వదలదు. ఆమె కనిపెట్టింది రామదాసూ. ఎప్పుడు కనిపెట్టిందో తెలియదు. నాకు చెబితే నీతో పోట్లాడతానని చెప్పి ఉండదు. నువ్వు పెట్టింది నీకే తిరిగి ఇచ్చేసింది. రామదాసన్నకు చెప్పమంది. అన్నా అనే అంది. కోపంగా అనలేదు. ఆ మాట నీకు రాసి కూడా నేను అర్థం చేసుకోలేదు. నువ్వూ చేసుకోలేదు.

గెలిచినావని ఆమెకు చెప్పలేకపోయినాననే బాధతో ఈ రెండు నెలలు ఉన్నాను. ఆ రోజు కరెంటు ఉండి, త్వరగా వచ్చి చెప్పి ఉంటే, ముఖం తిప్పుకునేది.

నీ పేరు రాకుండా రాసే దారి వెతికినాను. లేదు. ఆమె చివరి ఎత్తుకు రుజువు నా మాట ఒక్కటే. నువ్వు ముందే పెట్టిన జవాబు మాత్రం వాళ్ల దగ్గరే ఉంది. దాన్ని చూపించాల్సిందే. ఎందుకు చేసినావో కూడా రాస్తాను. ఓడిపోవడానికి మోసం చేసినవాణ్ణి ఏమి చేయాలో వాళ్లు తేల్చుకోనీ. పిల్లల తల్లిదండ్రులు అడిగితే బళ్లారికి నేనే వచ్చి చెబుతాను. ఆ ఉప్మా అప్పుడు తింటాను.

రేపు పొద్దున నెట్ సెంటర్ తెరవగానే పోతాను. బసప్పకు అంతా రాసి, గెలుపు కొట్టేసి సమం అని వేయమంటాను. కింద ఉమ ఎత్తు టైప్ చేస్తాను.

నీ గంగాధర