కత్తెర కీలులో మరక

మంగళవారం. రేపు మనవరాలు శ్రీజకు హెర్నియా ఆపరేషన్. కోపం తగ్గక రాస్తున్నాను.

దిల్‌సుఖ్‌నగర్ నర్సింగ్‌హోమ్‌లో పరికరాలు చూపించమంటే నర్సు టేపు అంటించి సీలు వేసిన కత్తెర ప్యాకెట్ తెచ్చింది.

"గీ టేపు మీద గీతలు నల్లగైనయ్ చూడుండ్రి అమ్మా. అంతా క్లీనే."

ప్యాకెట్ ప్లాస్టిక్‌లోంచి కత్తెర కీలు దగ్గర మరక కనిపించింది. పక్కనే ఉన్న డాక్టరు నవ్వాడు. "తుప్పండీ మామ్మగారూ!"

విప్పించి తడిదూదితో తుడిచాను. దూదికి ముదురు ఎరుపు జిగట అంటింది; తుప్పయితే పొడి రాలేది, ఇది రక్తం.

టేపు నల్లబడితే ఆవిరి యంత్రంలో వేడి తగిలినట్టే, కడిగినట్టు కాదు. తోమని గిన్నెను కుక్కర్‌లో పెడితే ఉడికిన ఎంగిలే వస్తుంది. గోడనిండా పట్టాలు తగిలించుకున్న మనిషికి ఇది నేను చెప్పాలా!

"గొడవెందుకమ్మా, రేపే చేయించేద్దాం" అంటాడు మా అబ్బాయి. ఆ రక్తం ఎవరిదో...

1. ఆపరేషన్ వద్దని పొద్దున్నే ఫోన్ చేయాలి.
2. బదులుగా ఎల్బీనగర్ ఆసుపత్రికి వెళ్ళి, ముందు పరికరాలు కడిగే గది చూడాలి. డాక్టరు మొహం తర్వాత.
3. ఆ కత్తెర ఇప్పటికే ఎవరెవరి కడుపు మీద వాడారో నర్సింగ్‌హోమ్ వాళ్ళ చేత చెప్పించాలి.