‘వెళ్ళొస్తాను’ అన్నందుకు ఆగిపోయిన ధ్రువపత్రం

శిక్షణ, ధ్రువపత్రాల విభాగం అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఇరవై ఎనిమిది మార్లు తిరిగి వస్తానని మాట ఇచ్చి రాలేదన్న అభియోగం కొట్టివేసి, సహాయకురాలి ధ్రువపత్రం ఇప్పించుట గురించి.

పై విషయమై తమకు మనవి చేసుకొనునది ఏమనగా, నేను ఈ దేశం వచ్చి ఆరేళ్ళయింది. అంతకుముందు పదకొండేళ్ళు బస్టాండులో విచారణ కిటికీ దగ్గర పనిచేశాను. ‘వస్తుంది’ అని చెప్పడమే నా ఉద్యోగం. ఆ బస్సుల్లో సగం రాలేదు. అయినా ఎవరూ నామీద ఫైలు తెరవలేదు. ఇక్కడ తమ సేవా కేంద్రంలో చేరి, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి మందులు సరిచూడటం, ఉత్తరాలు చదివిపెట్టడం, ఆసుపత్రికి తోడు వెళ్ళడం నేర్చుకున్నాను. రాతపరీక్ష కూడా ప్యాసయ్యాను. వచ్చే శుక్రవారంలోగా ధ్రువపత్రం చూపిస్తే కేంద్రంలో ఖాయం ఉద్యోగం. లేకపోతే ఆ కుర్చీ ఇంకొకరిది, నేను మళ్ళీ లాండ్రీలో ఆసుపత్రి దుప్పట్లు మడతపెట్టుకోవాలి. నా ఇబ్బందులు ఈ క్రింద వరుసగా విన్నవించుకుంటున్నాను.

1. ప్రతి ఇంటి నుంచి వచ్చాక నింపే ఫారంలో ఏడో గడి ఒకటుంది. ‘సెలవు తీసుకుంటూ మీరు అన్న చివరి మాట’ అని. మా భాషలో గడప దాటేటప్పుడు ‘వెళ్ళొస్తాను’ అంటాం. ఆ మాటనే ఈ దేశపు భాషలోకి మార్చి, ‘వెళ్ళి, తిరిగి వస్తాను’ అని ప్రతి ఇంట్లోనూ చెప్పాను. ఫారంలో అబద్ధం రాయకూడదని మొదటిరోజే చెప్పారు కనుక, అన్నది అన్నట్టే గుండ్రటి అక్షరాలతో రాశాను. తమ కంప్యూటర్ దాన్ని మాట ఇచ్చినట్టు ఎక్కించుకుంది. ఇరవై ఆరు ఇళ్ళు, ఇరవై ఆరు మాటలు, ఎదురుగా ‘రాలేదు’ అని ఇరవై ఆరు ఎర్ర గీతలు.

2. పోనీ వెళ్ళి మాట నిలబెట్టుకుందామని మూడు వారాలు కాళ్ళరిగేలా ఆ ఇళ్ళన్నీ మళ్ళీ తిరిగాను. ఇంట్లో అడుగు పెట్టగానే ఒక గీత పోయింది. బయటికొస్తూ అలవాటు కొద్దీ ఆ మాటే అన్నాను, ఇంకో గీత పడింది. మూడు వారాల తర్వాత చూసుకుంటే గీతలు ఇరవై ఆరూ అలాగే ఉన్నాయి. చెప్పులే అరిగిపోయాయి.

3. నా పర్యవేక్షకురాలు మంచి మనిషి. “దీనికింత రాద్ధాంతం ఎందుకమ్మా? ‘వెళ్తున్నాను’ అనేసి వచ్చెయ్, ఒక్క ముక్క” అంది. ఒక్క ముక్కే గానీ, నాకు గొంతు దాటి రాదు. చిన్నప్పుడు బడికి బయల్దేరుతూ ‘పోతున్నా’ అంటే మా అక్క ఊరుకునేది కాదు. వెనక్కి పిలవకూడదన్న పట్టింపు కూడా పక్కనపెట్టి వీధి చివర నుంచి లాక్కొచ్చి, గడప దగ్గర నిలబెట్టి ‘వెళ్ళొస్తా’ అనిపించి పంపేది. ఈ సంగతి వ్యాను నడిపే మా ఆయనతో చెబితే, “భలేదానివే, మాటలో ఏముందే?” అని నవ్వారు. సరే, రేపు వ్యాను తీసేముందు గుమ్మంలో ‘పోతున్నా’ అని చూడండి అన్నాను. పొద్దున ఒక బూటు తొడుక్కుని చాలాసేపు ఆలోచించారు. “ఎందుకులే, వర్షం కూడా పడేట్టుంది” అన్నారు.

4. అయినా ఆజ్ఞ ఆజ్ఞే కాబట్టి ఒకచోట ప్రయత్నించాను. మూడో అంతస్తులో గడియారాలు బాగుచేసే తాతగారు ఒకరున్నారు. దుకాణం మూసి చాలాకాలమైంది. గది నిండా ముప్పై ఒక్క గడియారాలు, అన్నీ నడుస్తూనే ఉంటాయి. ఆయన మందులడబ్బా సరిచూసి, గుమ్మంలో నిలబడి, కళ్ళు మూసుకుని ‘వెళ్తున్నాను’ అన్నాను.

“ఎక్కడికి?” అన్నారు తాతగారు.

“ఇంటికండి.”

“మళ్ళీ ఎప్పుడు?”

మాట ఇవ్వకూడదు కదా, నోరు మూసుకుని మెట్లు దిగాను. మర్నాడు పొద్దున పర్యవేక్షకురాలి ఫోను. తాతగారు గుండె మాత్ర వేసుకోలేదట. ‘ఎవరొచ్చి చూస్తారని వేసుకోవాలి?’ అన్నారట. పరుగున వెళ్ళాను. ఆయన కోప్పడలేదు, గడియారాలకు కీ ఇచ్చుకుంటూ కూర్చున్నారు.

“ఇవన్నీ ఎవరివనుకున్నావమ్మాయ్? మళ్ళీ వస్తామని చెప్పి వెళ్ళినవాళ్ళవి. రామని చెప్పుంటే ఎప్పుడో పారేద్దును. వస్తామన్నారుగా, వచ్చేదాకా ఆగకుండా చూసుకోవద్దూ!”

అయ్యా, ఇది అర్జీలో రాయదగినది కాదు గానీ, అక్కడే మోడా మీద కూర్చుని ఏడ్చాను. ఆయన మాత్ర వేసుకున్నారు. నేను బయటికొస్తూ ఏమన్నానో తమరు ఏడో గడిలో చూసుకోవచ్చును.

5. ఈ బాధలన్నీ ఇదివరకు ఈ దేశపు భాషలోనే రెండు అర్జీలుగా పెట్టుకున్నాను. ఆ అర్జీల్లో ‘తిరిగి వస్తాను’ అన్న మాట కనబడేసరికి కంప్యూటర్ ఆ రెంటినీ కూడా నేనిచ్చిన మాటల కింద జమచేసింది. ఇరవై ఆరు కాస్తా ఇరవై ఎనిమిదయింది. అందుకని ఈసారి తెలుగులో రాస్తున్నాను. సొంతభాషలో పెట్టిన అర్జీని అనువాదకుల జాబితాలోని వారికి పంపవలెనని తమ నిబంధన. తెలుగు జాబితాలో ఉన్నది ఒకే ఒక్క మనిషి. నేనే. చేరిన వారంలోనే పర్యవేక్షకురాలు ముచ్చటపడి ఎక్కించింది. అయితే తనకు సంబంధించిన కాగితాన్ని తానే అనువదించరాదని ఇంకో నిబంధన. కనుక ఇది వేరే తెలుగు అనువాదకుడి కోసం ట్రేలో కూర్చుంటుంది. ఆయన ఎప్పుడొస్తాడని కిటికీలో గుమాస్తాను అడిగితే, తలెత్తకుండా “వస్తారు” అన్నాడు. అచ్చం బస్టాండులో నా గొంతే.

6. తమరు దీన్ని ఇప్పట్లో చదవలేరు కాబట్టి ధైర్యంగా ఒక నిజం ఒప్పుకుంటున్నాను. తమ కంప్యూటర్‌కు తెలియని మాట ఒకటుంది. ఆరేళ్ళ కిందట బయల్దేరేరోజున మా అక్కతో కూడా ‘వెళ్ళొస్తాను’ అన్నాను. ఇంతవరకు వెళ్ళలేదు. లాండ్రీలో సెలవుండదు. ఖాయం ఉద్యోగంలో అయితే ఏడాదికి నాలుగు వారాలు ఇస్తారట. అభియోగం నిజమేనండీ, ఇల్లే తప్పు రాసుకున్నారు.

కావున తమరు దయతో, ఏ తెలుగువాడు దొరికితే వాడిచేత చదివించుకుని చిత్తగించి, శుక్రవారంలోగా నా ధ్రువపత్రం ఇప్పించవలెనని మిక్కిలి వేడుకొనుచున్నాను.

ఇట్లు,
ఎక్కడికీ పోని తమ విధేయురాలు,
శిక్షణలో ఉన్న సహాయకురాలు.

తా.క.: అర్జీ కిటికీలో ఇచ్చేసి వెనుదిరుగుతూ గుమాస్తాతో కూడా ఆ మాటే అనేశాను. ఆయన వెంటనే ‘అర్జీదారు తిరిగి వస్తారు’ అని ఎక్కించేశాడు. ఇరవై తొమ్మిది. మెట్ల దాకా వెళ్ళానో లేదో, “ఏవండీ, సంతకం మరిచిపోయారు!” అని కేకేశాడు. తిరిగి వచ్చాను. మాట నిలబెట్టుకున్నాను గనుక ఆ ఇరవై తొమ్మిదోదాన్ని నా కళ్ళముందే కొట్టేయించాను. ఆరేళ్ళలో నాకు అనుకూలంగా పడిన గీత ఇదొక్కటే. ఇదిగో, సంతకం పెట్టి ఈ నాలుగు ముక్కలూ ఆయన బల్ల మీదే రాస్తున్నాను. ఆయన కలం మూత తీసి, “ఈసారి ఏమంటారో చెప్పండి, రాసుకుంటాను” అని నా నోటివైపే చూస్తున్నాడు.

వెళ్ళొస్తానండీ.